బ్యూనస్ ఐరిస్‌లో మోసగాళ్ల బారిన పడకుండా

ప్రశ్న: నేనూ మా వారూ వచ్చే నెలలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ వెళుతున్నాం. అక్కడ పర్యాటకులను మోసగిస్తారని విన్నాం. ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు ‘ఆవ మరక’ మోసం గురించి చెప్పాలి, ఎందుకంటే అది సాయం చేసే చెయ్యి రూపంలో వస్తుంది. నడుస్తుండగా మీ భుజంపై పచ్చటి జిగురు ద్రవం పడుతుంది. పక్షి రెట్ట వేసిందంటూ ఒకరు రుమాలుతో తుడవడానికి వస్తారు, ఆ సందట్లో మరొకరు సంచి కాజేస్తారు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, సంచిని గుండెకు హత్తుకుని దగ్గరలోని దుకాణంలోకి వెళ్లిపోండి. మరక తర్వాతైనా పోతుంది, పాస్‌పోర్టు పోతే ప్రయాణమే ఆగిపోతుంది.

ఫ్లోరిడా వీధిలో ‘కాంబియో, కాంబియో’ అని కేకలు వేస్తూ డాలర్లు మారుస్తామనేవారి వెంట వెళ్లకండి; దొంగ నోట్లు అంటగట్టే ప్రమాదం ఉంది. మీరిచ్చిన పెద్ద నోటును చాటుగా మార్చేసి, నకిలీదంటూ తిరిగిచ్చే టాక్సీ డ్రైవర్లూ ఉన్నారు కనుక, 2024లో వచ్చిన 10,000 పెసోల నోటు ఇవ్వవలసి వస్తే విలువను పైకి చదివి మరీ ఇవ్వండి. లా బోకా పేటలోని ‘కామినీటో’ వీధి రంగుల ఇళ్లను పగటిపూట తప్పక చూడండి, పక్క సందుల్లోకి మాత్రం వద్దు. రోడ్డు అంచున నిలబడి ఫోను చూడకండి, మోటార్‌సైకిళ్లపై వచ్చి లాక్కుపోతారు. అత్యవసరమైతే 911కు ఫోన్ చేయండి.