నెలలోపు పాపకు ఫొటోషూట్: ఎప్పుడు, ఎలా సిద్ధం కావాలి?

పుట్టిన 5 నుంచి 14 రోజుల మధ్య అయితే పిల్లలు గాఢంగా నిద్రపోతారు, కాళ్లూ చేతులూ ముడుచుకునే ఉంటారు. బారసాల అయ్యాకే అని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే వాదించకండి, కళ్లు తెరిచిన ఫొటోలు ఎక్కువొస్తాయి, అంతే.

ఆ రోజు నూనె మర్దన వద్దు, లైట్లకు ఒళ్లు జిడ్డుగా మెరుస్తుంది. గంట ముందే డైపర్, మొలతాడు వదులు చేయండి. లేదంటే నడుం చుట్టూ ఎర్రటి గీత ఫొటోలో పడుతుంది. స్టూడియోకి చేరాక కడుపునిండా పాలు పట్టి, త్రేన్పు తెప్పించండి. ఏసీ ఆపించండి.

గడ్డం కింద చేతులు పెట్టుకున్న ఫొటో అడుగుతున్నారా? ఒకసారి పాప తల పట్టుకుని, మరోసారి చేతులు పట్టుకుని విడివిడిగా రెండు ఫొటోలు తీసి, తర్వాత ఎడిటింగ్‌లో ఒకే ఫొటోగా కలపాలి. పట్టుకోకుండానే అలా కూర్చోబెడతాం అనే ఫొటోగ్రాఫర్‌ని మాత్రం వద్దనేయండి.