హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) రెండో డోసు ఏడాది లేటైంది, మళ్లీ మొదటినుంచి వేయించాలా?

అక్కర్లేదు అక్కా. హన్మకొండ క్లినిక్‌లో "పదిహేను నిండాయి, మళ్లీ మూడు డోసులు" అన్నారని రాశారు కదా, అది పాప ఇప్పటి వయసు చూసి అన్నది అయ్యుంటుంది. చూడాల్సింది మొదటి డోసు నాటి వయసు.

1. టీకా కార్డు తప్పకుండా తీసుకెళ్లండి. చాలామంది ఇది ఇంట్లోనే మర్చిపోతారు, నోటిమాటగా చెప్తే డాక్టర్ మాత్రం ఏం చేస్తారు? మొదటి డోసు తేదీ, టీకా పేరు (సర్వావాక్, గార్డసిల్) చూపించండి.

2. మొదటి డోసు రోజుకు పాపకు 15 ఏళ్లు నిండకపోతే మొత్తం రెండు డోసులే. మీరన్నట్టు పద్నాలుగేళ్లప్పుడు వేయించారు కాబట్టి ఇంకొక్కటి చాలు. గ్యాప్ ఎక్కువైనా మొదటిది వృథా కాదు. రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బు, మందులు ఉంటే మాత్రం మూడు కావాలి, అది ముందే చెప్పండి.

3. సూది వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి, ఈ వయసులో కొందరికి కళ్లు తిరుగుతాయి.