టెక్ సందేహాలు: మైగ్రేషన్ ఫైళ్లు గిట్‌లో పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో స్కూల్ ఫీజుల అప్లికేషన్ రాస్తున్నాం. డేటాబేస్ మార్పులను రాసిపెట్టే మైగ్రేషన్ ఫైళ్లు వాటంతటవే తయారవుతాయి కదా అని గిట్‌ఇగ్నోర్‌లో (కోడ్ పంచుకునే గిట్‌లోకి వెళ్లకూడని ఫైళ్ల జాబితా) చేర్చాం. ఎవరి కంప్యూటర్లో వాళ్లకు బాగానే నడుస్తోంది. సర్వర్‌లో మాత్రం ఓసారి కాలమ్ లేదని, ఇంకోసారి టేబుల్ ఇప్పటికే ఉందని ఎర్రర్. డేటాబేస్ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తుడవొద్దు. ముందు గిట్‌ఇగ్నోర్‌లోంచి ఆ లైను తీసేయండి, గొడవంతా అక్కడే మొదలైంది.

ఈ ఫైళ్లు తయారుచేసే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ మీ డేటాబేస్‌ను చూసి ఫైలు రాయదు. ఫోల్డర్‌లో ఉన్న పాత మైగ్రేషన్లను మోడల్స్‌తో (టేబుళ్లు ఎలా ఉండాలో చెప్పే మీ కోడ్) పోల్చి తేడా రాస్తుంది. పాత ఫైళ్లు ముగ్గురి దగ్గరా మూడు రకాలుగా ఉంటే తేడాలూ మూడు రకాలే. ఇక ఆ ఫైళ్లను డేటాబేస్‌పై నడిపే మైగ్రేట్ కమాండ్ సంగతి. ఏయే ఫైళ్లు నడిచాయో అది డేటాబేస్‌లోని జాంగో_మైగ్రేషన్స్ టేబుల్‌లో పేర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది, లోపల ఏముందో పట్టించుకోదు. పేరు అదే అయితే అయిపోయిందనుకుని వదిలేస్తుంది, కాలమ్ రాదు. పేరు మారితే ఉన్న టేబుల్‌నే మళ్లీ కట్టబోతుంది. మీ రెండు ఎర్రర్లూ ఇవే.

ముందు బ్యాకప్ తీయండి. అసలు డేటా సర్వర్‌లోనే ఉంది కాబట్టి అక్కడి ఫైళ్లనే ప్రమాణంగా తీసుకుని గిట్‌లోకి ఎక్కించండి. ఏవి నడిచాయో చూపే షోమైగ్రేషన్స్ జాబితాను టేబుళ్లతో కళ్లారా పోల్చి చూశాక, మార్పు నిజంగా జరిగిపోయిన వాటికి మాత్రమే ఫేక్ ఆప్షన్ (ఫైలు నడపకుండానే నడిచినట్టు గుర్తు పెట్టేది) వాడండి. మీరు వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే ఇంకాస్త జాగ్రత్త: మైగ్రేషన్ మధ్యలో ఆగితే అప్పటిదాకా చేసిన మార్పులు అలాగే ఉండిపోతాయి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా మొత్తం వెనక్కి తీసుకుంటుంది. మీ ముగ్గురి కంప్యూటర్లలో ఉన్న డేటాబేస్‌లు మాత్రం నిక్షేపంగా తుడిచేసి కొత్తగా కట్టుకోవచ్చు.

ఇకపై ఇద్దరు ఒకేసారి 0005 నంబరు మైగ్రేషన్ రాస్తే, రెంటినీ కలిపే మెర్జ్ ఆప్షన్ ఉంది. నేనైతే ఇంకా పుష్ చేయని నా ఫైలు తీసేసి, అవతలివాళ్లది తెచ్చుకుని, మళ్లీ తయారు చేసుకుంటాను.

మీరు అడగలేదు గానీ, ఇంకొకటి. ఫీల్డ్ పేరు 'ఫోన్' నుంచి 'మొబైల్'కి మార్చారనుకోండి, పేరు మార్చారా అని జాంగో అడుగుతుంది. అలవాటుగా ఎంటర్ కొట్టారో, కాదన్నట్టే లెక్క. పాత కాలమ్ తీసేసి, కొత్తది ఖాళీగా పెట్టే ఫైలు రాస్తుంది. ఈ ఒక్క ఎంటర్‌తో నాకూ ఓ ఆదివారం హరించుకుపోయింది. అందుకే మైగ్రేట్ కొట్టే ముందు ఫైలు తెరిచి చదవండి. పేరు మార్చిన చోట 'రినేమ్‌ఫీల్డ్' బదులు 'రిమూవ్‌ఫీల్డ్' కనిపిస్తే, ఆ ఫైలు తీసేసి మళ్లీ తయారు చేయించి, ఈసారి అవునని చెప్పండి.