టెక్ సందేహాలు: పాత ఆసిలోస్కోప్ స్విచ్ వేస్తే ఫ్యూజ్ పోతోంది

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: 1970ల నాటి ఆసిలోస్కోప్ (విద్యుత్ సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం) ఉంది. లీనియర్ పవర్ సప్లై (ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజ్ తగ్గించే రకం), 80 వాట్లు. ఆన్ చేస్తే ఒక్కోసారి ఫ్యూజ్ పోతోంది, ఒక్కోసారి ఏమీ కావడం లేదు. ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే బిళ్ల) వేస్తే చాలా?

ఒక్కోసారే పోతోందంటే అనుమానం స్టార్టింగ్ కరెంటు మీదే. స్విచ్ పడిన క్షణాన ఏసీ వేవ్ సున్నా దగ్గర ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేట్ అవుతుంది, అంటే అయస్కాంతత్వం ఇక పట్టని స్థితికి చేరుతుంది. ఆ కాస్తసేపు కరెంటుకు అడ్డు ప్రైమరీ తీగ రెసిస్టెన్స్ ఒక్కటే. ఖాళీ ఫిల్టర్ కెపాసిటర్లూ అదే సమయంలో లాగుతాయి. ప్లగ్ తీసి, స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్ ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 12 ఓమ్‌లు చూపిందనుకుందాం. 230 వోల్టుల పీక్ 325 కాబట్టి లెక్క ప్రకారం 27 ఆంపియర్ల దాకా పోవచ్చు. నడిచేటప్పుడు తీసుకునేది 0.35 ఆంపియరే!

ముందు ఫ్యూజ్ చూడండి. మాన్యువల్‌లో స్లో-బ్లో (కాస్తసేపు ఎక్కువ కరెంటును తట్టుకునే రకం) అని ఉంటే, ‘టి’ గుర్తున్నదే వేయాలి. మాన్యువల్‌లో చెప్పిన ఆంపియర్ల కంటే పెద్దది వేయొద్దు, రాగి తీగ అసలే వద్దు.

10డి-9 ఎన్‌టీసీ (25 డిగ్రీల దగ్గర 10 ఓమ్‌లు, 9 మిల్లీమీటర్ల బిళ్ల) వేస్తే 27 ఆంపియర్లు 15కి దిగుతాయి. కానీ మే నెలలో గది 45 డిగ్రీలుంటే ఆ 10 ఓమ్‌లు దాదాపు సగమవుతాయి. పైగా కరెంటు పోయి రెండు సెకన్లలో వస్తే బిళ్ల ఇంకా వేడిగానే ఉంటుంది, అడ్డు తగ్గిపోతుంది. చల్లారడానికి కనీసం ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. మన దగ్గర పోయిన కరెంటు అంతలోపే వచ్చేస్తుంటుందిగా.

అందుకే నా ఓటు 47 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్‌కు. ఫేజ్ వైర్‌లో సిరీస్‌గా పెట్టండి. ప్యానెల్ బోర్డుల్లో వాడే 230 వోల్టుల ఆన్-డిలే టైమర్‌ను 1 సెకనుకు సెట్ చేసి, దాని కాంటాక్టులు రెసిస్టర్ రెండు కొసలకు (పారలల్‌గా) కలపండి. సెకను తర్వాత రెసిస్టర్ పక్కకు తప్పుకుంటుంది. కరెంటు పోయి వచ్చినా టైమర్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. మొదటి దెబ్బ 5.5 ఆంపియర్లకు మించదు.

టైమర్ కాంటాక్టు పడకపోతే? రెసిస్టర్ మీద 5, 6 వాట్లు ఆగకుండా పడి విపరీతంగా కాలుతుంది. టేబుల్ ఫ్యాన్ మోటార్లలో వేసే 130 డిగ్రీల థర్మల్ ఫ్యూజ్‌ను రెసిస్టర్‌కు ఆనించి, దానితో సిరీస్‌లో బిగించండి. దాని కాళ్లకు టంకం పెట్టొద్దు, ఆ వేడికే తెగిపోతుంది. క్రింప్ చేయండి.

ఇదంతా ఎర్త్ చేసిన మెటల్ బాక్సులో, పరికరానికి బయటే పెట్టండి. పాత చాసిస్‌కు కొత్త రంధ్రాలు వేయడం పాపం. అయితే ఆసిలోస్కోప్ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, బాక్స్ స్విచ్‌తోనే వేసి ఆపాలి. లేదంటే టైమర్ కాంటాక్టు ముందే కలిసిపోయి, పెట్టిన బాక్సు ఉండీ లేనట్టే. దొరకని ఆ పాత స్విచ్ కాంటాక్టులు కూడా దీంతో కాలకుండా మిగులుతాయి.

విజయవాడ పటమట నుంచి: 20 ఏళ్లుగా వాడని సిగ్నల్ జనరేటర్‌ను నేరుగా ఆన్ చేయొచ్చా?

వద్దు. పైన చెప్పిన బాక్సు ఆ ఒక్క సెకనుకే, లీకయ్యే కెపాసిటర్‌ను అది కాపాడదు. లీనియర్ సప్లై అయితే 60 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు మీద పెట్టండి. బల్బు భగ్గున వెలిగి మందగిస్తే మంచిదే. అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపి ఎలక్ట్రోలైటిక్‌లు, రెక్టిఫయర్ చూడండి. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) ఉన్నదైతే సిరీస్ బల్బు, వేరియాక్ (వోల్టేజ్‌ను కొద్దికొద్దిగా పెంచే ట్రాన్స్‌ఫార్మర్) రెండూ వద్దు. వోల్టేజ్ తగ్గేకొద్దీ అది ఎక్కువ కరెంటు లాగుతుంది.