అరుగు కుళ్లింది పై వానకు కాదు

ఇల్లు–పెరడు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా ఇల్లు తిరుపతిలో, కపిలతీర్థం వైపు. పెరట్లో పారిజాతం కింద కూర్చోవడానికి 2022లో చెక్క అరుగు వేయించుకున్నాం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. వడ్రంగి నేల చదును చేసి, కలుపు రాకుండా నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, దానిమీదే రీపర్లు (పలకల కింద అడ్డంగా పెట్టే సన్నని చెక్క పట్టీలు) పెట్టి టేకు పలకలు కొట్టాడు. ఇప్పుడు పలకల సందుల్లోంచి తుంగ మొలుస్తోంది. గోడ పక్కన రెండు పలకలు కాలు పెడితే కుంగుతున్నాయి. ఒక మూల చెదల మట్టి కనిపించింది. పక్కింటాయన కాల్చిన ఇంజిన్ ఆయిల్ పూసి, సందుల్లో కల్లుప్పు చల్లమంటున్నారు. మావారు అంతా పీకేసి సిమెంటు పోయిద్దామంటున్నారు. నాకేమో పొద్దున్నే ఆ చెక్క మీద కాఫీ తాగడం అలవాటైపోయింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాఫీ మానకండి తల్లీ, సిమెంటూ పోయించకండి. ముందు ఆ నల్ల పట్టాను తీసి అవతల పారేయండి. మీ అరుగుకు పట్టిన రోగం అదే.

చిత్తూరులో మా కోత మిల్లు, కలప డిపో ముప్పయ్యేళ్లు నడిచాయి. కుళ్లిన ముక్క చేతపట్టుకుని “మీరిచ్చింది నాసిరకం టేకు” అంటూ వచ్చినవాళ్లతో నేను చాలాసార్లు వాదించాను. కొన్నిసార్లు తప్పు మాదే, చేవ లేని తెల్లచెక్క పలకల్లో కలిసిపోయి ఉండేది. కానీ ఎక్కువసార్లు వాళ్ల ఇంటికి వెళ్లి చూస్తే చెక్క నేలను అంటుకుని ఉండేది, లేకపోతే నీళ్లు నిలిచే చోట ఉండేది. పైన పలకలు శుభ్రంగా ఉండేవి, అడుగు మాత్రం తడిసిన రొట్టెలా అయిపోయేది.

చెక్కను కుళ్లబెట్టేది నీళ్లు కాదు, నీళ్ల వెంట వచ్చే శిలీంధ్రం. చెక్కలో తేమ సుమారు 20 శాతం లోపు ఉంటే అది ఎదగలేదు. వానకు తడిసిన పలకకు అన్నివైపులా గాలి తగిలితే ఎండ రాగానే ఆరిపోతుంది. మీ రీపర్లకు ఆ అవకాశమే లేదు. పట్టా వేస్తే కలుపే కాదు, నేల తేమ కూడా పైకి రాదనుకుని ఉంటాడు మీ వడ్రంగి, తేమ వరకు నిజమే. మరి సందుల్లోంచి కారిన వాన ఎటు పోవాలి? పట్టా మీదే నిలిచి ఉంటుంది. మన తిరుపతికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో వీధులు ఏరులైన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అలాంటి మూడు నెలలు రీపర్లు పళ్లెంలో నానబెట్టిన మినపపప్పులా ఉంటాయి. టేకు అయితే మాత్రం ఎన్నేళ్లు ఓర్చుకుంటుంది?

తుంగ సంగతీ అంతే. దానికి నేలలో గడ్డలుంటాయి, మొలక మొన సూదిలా ప్లాస్టిక్‌ను పొడుచుకుని పైకి వస్తుంది. ఇక కొన్ని కలుపు మొక్కలు అసలు కింది నుంచి రానే రావు. పారిజాతం ఆకులు, పూలు సందుల్లో పడి మట్టిగా మారితే, గాలికి వచ్చిన విత్తనం అక్కడే మొలుస్తుంది. వాటికి పట్టా కాదు, పొరక కావాలి. వారానికోసారి సందుల్లో సన్నని రేకు ముక్క ఆడించి ఊడిస్తే చాలు.

పని ఎండల్లోనే పెట్టుకోండి. పలకలు విప్పి, ఒక్కొక్కదాన్నీ స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. చేవ ఉన్న చోట మొన దిగదు. మెత్తగా దిగిపోతే ఆ మేరకు కోసేయండి. మిగిలినవి నీడలో, ఒక్కో వరుసకూ మధ్య పుల్లలు అడ్డం పెట్టి పేర్చండి. మే నెల ఎండలో నేల మీద పరిచారంటే సాయంత్రానికి అరటిదొప్పల్లా వంకర తిరుగుతాయి. రీపర్లు మాత్రం దాచుకోవద్దు, వాటి మీద జాలి అనవసరం.

తర్వాత నేలను అడుగు లోతు తవ్వి తుంగ గడ్డలు, గరిక వేర్లు ఏరించండి. కూలికి డబ్బులు ఎక్కువవుతాయని పైపైన గీకించకండి, అరుగు వేశాక మళ్లీ తవ్వలేరు. గడ్డలు మట్టిలోంచి బయటపడి ఎండకు పూర్తిగా ఎండితే చస్తాయి, అందుకే రైతులు వేసవి దుక్కి దున్నుతారు. తవ్విన నేలను పది పదిహేను రోజులు అలాగే ఎండనివ్వండి. ఆపైన ఇంటి గోడ నుంచి బయటికి వాలు ఇవ్వండి, పదడుగులకు అంగుళంన్నర చొప్పున. కొండ వైపు నుంచి నీరు మీ పెరట్లోకి వస్తుంటే అరుగుకు ఎగువన చిన్న కాలువ తీయించాలి. ఇంకో మాట: మీరు చెప్పిన కుంగిన పలకలు గోడ పక్కనున్నాయి కదా, అక్కడ ఏసీ గొట్టం గానీ వంటింటి నీళ్లు గానీ పడుతున్నాయేమో చూడండి. నాకు అనుమానంగానే ఉంది.

ప్లాస్టిక్ బదులు జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి. అది నీటిని కిందికి పోనిస్తుంది, మొలకలను చాలావరకు ఆపుతుంది. అతుకుల దగ్గర ఒకదానిమీద ఒకటి అడుగు మేర రావాలి. దానిమీద ఇరవై ఎం.ఎం. కంకర నాలుగంగుళాలు. ఇసుక వద్దు, క్రషర్ పొడి అసలే వద్దు. ప్రమిదలో ఒత్తి నూనెను పైకి లాగినట్టు సన్నని పొడి నేల తడిని పైకి లాగుతుంది. కంకర మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి ఆ పని చేయలేదు.

ఇప్పుడు అరుగును నేల నుంచి లేపాలి. మన జిల్లాల్లో రాతికి కరువా? కంచెకు పాతే రాతి కూసాలను ముక్కలుగా కోయించి, నాలుగేసి అడుగుల ఎడంతో నిలబెట్టండి. వాటి మీద దూలాలు వేసి, వాటిపై పలకలు బిగించాలి. దూలాల అడుగు నుంచి కంకర దాకా కనీసం ఆరంగుళాలు ఖాళీ ఉండాలి, అడుగు ఉంటే మరీ మంచిది. రాతికీ చెక్కకూ మధ్య పాత ట్యూబు ముక్క వేయండి. ఆ ఖాళీ గాలికే కాదు, చెదలను కనిపెట్టడానికి కూడా. చెదలు నేలలోంచి రాతి మీద మట్టి దారి కట్టుకుంటూ ఎక్కుతాయి. కాళ్లు బయటికి కనిపిస్తుంటే ఆ దారి మీ కంట పడుతుంది, పడగానే రాల్చేసి మందు కొట్టించవచ్చు. చుట్టూ ఇటుక గోడ కట్టి మూయకండి. కొండ కింద ఇల్లు కాబట్టి పాముల భయం ఉంటే సన్నని కన్నుల ఇనుప జాలీ బిగించండి, గాలి ఆడుతుంది.

పలకల మధ్య ఐదారు ఎం.ఎం. సందు వదిలి, మేకులు కాకుండా తుప్పు పట్టని స్టీలు స్క్రూలు వాడండి. టేకులో ఇనుప మేకు తడిస్తే చుట్టూ నల్లటి మరక పడుతుంది. కోసిన ప్రతి కొననూ చెక్క కుళ్లకుండా కాపాడే మందుతో రెండుసార్లు తడపాలి, ఎందుకంటే చెక్క పక్కల నుంచి కంటే కొన నుంచే నీటిని జాస్తిగా తాగుతుంది. మా మామగారు జీడిగింజల పెంకు నూనె పూసేవారు. పాత రోజుల్లో పడవలకూ అదే. మంచిదే, కానీ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మీకు పెయింటు దుకాణంలో దొరికే ఉడికించిన అవిసె నూనె చాలు, ఏటా వానలకు ముందు ఒక పూత. వార్నిష్ వద్దు, ఎండకు పొరలు లేస్తుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మా డిపోలో ఒక మధ్యాహ్నం అలాగే పొగ వచ్చింది. పక్కనే రంపపు పొట్టు బస్తాలు, ఆ రోజు నా కాళ్లు వణికిన సంగతి ఇప్పటికీ మరవలేదు. ఆ గుడ్డల్ని విడదీసి ఆరుబయట ఆరేయండి.

ఇక పక్కింటాయన సలహా. కాల్చిన ఇంజిన్ ఆయిల్ మట్టిలో దిగి మీ పారిజాతానికే చేటు, దగ్గర్లో బావి ఉంటే ఇంకా చేటు. పైగా పలకలు జారుడుగా తయారవుతాయి. పుత్తూరు కట్టు మనకు దగ్గరే గానీ, దానికోసం కాలు విరగ్గొట్టుకోనక్కర్లేదు. కల్లుప్పు తేమను పీల్చి ఉంచుతుంది, ఇనుమును తినేస్తుంది, వేర్లను చంపుతుంది. ఆయన మనసు నొప్పించకుండా ఆ ఉప్పు మామిడికాయ ఊరగాయకు వాడుకున్నామని చెప్పండి.

ప్రశ్న: మా తోటలో తోతాపురి చెట్టు ఒకటి గాలికి పడిపోయింది. ఆ చెక్కతో ఇలాంటి అరుగు చేయించవచ్చా?
– ఒక రైతు, చిత్తూరు

జవాబు: బయట వద్దు బాబూ. మామిడి చెక్క పెట్టెలకూ బల్లలకూ పనికొస్తుంది, తడి తగిలితే మాత్రం నిలవదు, పురుగూ త్వరగా పడుతుంది. మాను పచ్చిగా ఉండగానే పలకలు కోయించి, నీడలో పుల్లల మీద పేర్చి బాగా ఆరనివ్వండి. వరండాలో వాన జల్లు పడని చోట మంచి బల్ల వస్తుంది. మాను మొదలు లావు ఎంతుందో రాయలేదు మీరు. రెండడుగులు దాటితే మధ్యలో డొల్ల ఉందేమో చూసుకుని మిల్లుకు తోలండి.