సమాధానం: చెల్లెలి దాహం మీకెలా తెలుసు?

జపనీస్‌లో ‘చెల్లికి నీళ్లు తాగాలని ఉంది’ అనడానికి «ఇమోతొ వ మిజు గ నొమితయి» అని రాస్తే టీచరు తప్పని కొట్టేశారు, ఎందుకని అడిగారు. కొట్టేయడం సబబే. తెలుగులో ‘నాకు తాగాలని ఉంది’, ‘చెల్లికి తాగాలని ఉంది’ రెండూ ఒకే అచ్చులో వస్తాయి కాబట్టి మనవాళ్లందరూ ఇక్కడే జారిపడతారు. జపనీస్‌లో ‘తయి’ (మన ‘-ఆలని ఉంది’) మాట్లాడేవారి సొంత కోరికకు, లేదా ఎదుటివారిని అడగడానికి. మూడో మనిషి మనసులో ఏముందో మనం తేల్చి చెప్పకూడదు, పైకి కనిపించేదే చెప్పాలి. ఆ పని చేసేది ‘గరు’ అనే ప్రత్యయం; ‘తయి’తో కలిస్తే అది ‘తగరు’, ‘ఇప్పుడు జరుగుతోంది’ అనే రూపంలో ‘తగత్తె ఇరు’.

కాబట్టి: «ఇమోతొ వ మిజు ఒ నొమితగత్తె ఇరు». చెల్లెలు కుండ వైపు చూస్తోంది, గ్లాసు పట్టుకుని తిరుగుతోంది; అదీ ఇందులో ధ్వనించేది. ‘మిజు’ (నీళ్లు) తర్వాత ‘గ’ పోయి ‘ఒ’ వచ్చింది చూడండి, అది మరవకండి. ‘హొషీ’ (కావాలి) కూడా ఇంతే: «ఇను ఒ హొషిగత్తె ఇరు», తనకు కుక్క కావాలన్నట్టు ఉంది. ఇప్పటి కోరికకు ‘గత్తె ఇరు’. ఎప్పుడూ ఉండే తీరుకు ఉత్త ‘గరు’ చాలు.

ఒక హెచ్చరిక. పెద్దల విషయంలో ‘తగరు’ వాడితే చిన్నపిల్లల మారాం గురించి చెప్పినట్టుంటుంది. మీ టీచరు గురించైతే «సెన్‌సే వ కయెరితయి తొ ఒష్షత్తె ఇమసు», అంటే ఇంటికి వెళ్లాలని ఉందని టీచరు అంటున్నారు అనండి. విన్న మాటైతే «ఇకితయి సో దెసు». ఇది అచ్చం మన ‘వెళ్లాలని ఉందట’లోని ‘ట’ లాంటిదే. మాట వారిదని తేలిపోయాక ‘తయి’ని ఎవరూ కొట్టేయరు.