పాచిక ఒప్పుకునే వర్ణన

చిరంజీవికి ఆశీస్సులు.

పాచికలు వేస్తూ పాత్రలను నడిపే కథల ఆట కోసం నువ్వు రాసి పంపిన క్యారెక్టర్ షీట్లను, అంటే ఒక్కో పాత్ర వర్ణనా, గుణాల అంకెలూ ఉండే కాగితాలను, రెండుసార్లు చదివాను. మొదటిసారి అంకెలను కప్పిపెట్టి వర్ణన మాత్రమే చదివాను. రెండోసారి వర్ణనను కప్పి అంకెలు మాత్రమే చూశాను. రెండుసార్లూ ఒకే మనిషి కనబడవలసింది, ఇద్దరు కనబడ్డారు.

నీ కోట కాపలాదారునే చూడు. కొండను పిండి చేయగల భుజబలం అతనిదని రాసి, పక్కనే బలం 8 అని వేశావు. అలాంటి ఆటల్లో ఒకటైన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ లెక్కలో 8 ఉన్నవాడికి పాచికలో పడినదాంట్లోంచి ఒకటి తగ్గుతుంది, 16 ఉన్నవాడికి మూడు కలుస్తుంది. కష్టం 15గా, అంటే మొత్తం కనీసం 15 రావాలని, పెట్టిన తలుపును బద్దలు కొట్టాలంటే ఇరవై ముఖాల పాచికపై మొదటివాడికి కనీసం 16 పడాలి, రెండోవాడికి 12 చాలు. అంటే అవకాశాలు నూటికి 25, 45. నీ మాట నమ్మి తలుపు మీదికి ఉరికిన ఆటగాడు మూడుసార్లు బోర్లాపడితే తిట్టేది పాచికను కాదు, నిన్ను.

అలాగని 16 పక్కన "మహా బలశాలి" అని రాయడం కూడా దండగే, ఆ మాట అంకె ముందే చెప్పేసింది. బలం ఎంతో అంకె చెబుతుంది గాని, అది ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని అతడు దేనికి వాడడానికి వెనకాడతాడో చెప్పలేదు. ఏళ్ల తరబడి తెడ్డు వేసి ఒక భుజం ఎత్తుగా పెరిగిందని రాస్తే, ఆటగాడికి బలంతోపాటు ఒక నదీ, ఒక గతమూ దొరుకుతాయి.

నాకైతే తక్కువ అంకెలే ఇష్టం. 1974లో వచ్చిన ఆ ఆట తొలి కూర్పులో ఒక్కో గుణానికి ఆరు ముఖాల పాచికలు మూడు వేసేవారు. 18 పడే అవకాశం 216లో ఒక్కటే, సగటు పదిన్నర. వీరులు అరుదు కనుక, దక్కిన సామాన్యుడిలోనే కథ వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పటికీ పాత్ర తోచనప్పుడు నేను అలాగే పాచికలు వేస్తాను. (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే హిట్ పాయింట్లను మాత్రం వర్ణనలోకి లాగకు, అవి అచ్చంగా ఒంట్లోని రక్తం కావు.)

ఫేట్ వంటి ఆటల్లో సంగతి వేరు. అక్కడ "మాట తప్పని దొంగ" అన్న పదబంధమే నియమంగా పనిచేస్తుంది: ఆటగాడు తన దగ్గరున్న ఒక ఫేట్ పాయింట్ ఖర్చు పెడితే పాచికల మొత్తానికి రెండు కలుస్తుంది, లేదా పాచికలు మళ్లీ వేసుకోవచ్చు. అదే మాట అతణ్ణి ఇరకాటంలోకీ నెట్టగలగాలి. మెచ్చుకోలుగా మాత్రమే పనికొచ్చే విశేషణం అక్కడ సగమే పనిచేస్తుంది.

ఆ కాపలాదారును మళ్లీ రాసి పంపు. నాలుగు వాక్యాలు మించనివ్వకు. 8ని మాత్రం ముట్టుకోకు. బలం లేనివాణ్ణి కోట గుమ్మం దగ్గర ఎవరు నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో నాకు తెలియాలి.